మన సరుకు ఏమిటి? సంఘంలో అందరి మాట ఒక్కటి కావాలి

పాల సంఘం అమ్మే సరుకు ఏమిటి? ఈ ప్రశ్నకు పాలు తెచ్చిన సభ్యుడు "లీటర్లు" అంటాడు. పరీక్షకుడు "వెన్న శాతం" అంటాడు. వ్యాను డ్రైవరుకు క్యానుల లెక్క, డెయిరీకి ప్యాకెట్ల లెక్క ముఖ్యం. ఎవరి మాటా తప్పు కాదు. అయితే మందమర్రి వంటి బొగ్గుగనుల పట్టణంలో, మొదటి షిఫ్టుకు పోయే కార్మికుని ఇంట్లో కావలసినవి కాచినప్పుడు విరగని పాలు, అన్నం డబ్బాలోకి గట్టి పెరుగు. ఈ సంగతి పాలు పితికేవారి నుండి ప్యాకెట్టు అమ్మేవారి వరకు అందరికీ ఒకే తీరుగా తెలిసి ఉండాలి.

తెలియకపోతే ఏమవుతుంది? పొదుగువాపుకు యాంటీబయాటిక్ ఇంజెక్షను వేయించిన గేదె పాలు సంఘంలో పోశారనుకుందాం. వెన్న పరీక్షలో ఆ మందు కనబడదు. ధర కూడా వస్తుంది. కాని పాలు పెరుగు కావాలంటే తోడులోని సూక్ష్మజీవులు పెరగాలి. మందు కలిసిన పాలలో అవి సరిగా పెరగవు, పెరుగు తోడుకోదు. డెయిరీ సంఘాన్ని, సంఘం సభ్యుని, సభ్యుడు డెయిరీని అనుమానిస్తారు. తిలాపాపం తలాపిడికెడు! తన పాలు పెరుగు కానున్నవని సభ్యునికి ముందే తెలిసి ఉంటే, పశువైద్యుడు చెప్పిన గడువు తీరే వరకు వాటిని సంఘానికి తేకుండా ఉండేవాడు.

మరొక అనుమానం. "నా గేదె పాలలో 7 శాతం వెన్న ఉండగా, ప్యాకెట్టులో 3 శాతమే ఎందుకు?" నిబంధనల ప్రకారం టోన్డ్ పాలలో వెన్న కనీసం 3 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు 8.5 శాతం ఉండాలి. ఫుల్ క్రీమ్ పాలలో ఇవి 6, 9 శాతాలు. తీసిన వెన్న నెయ్యిగానో మరొక సరుకుగానో అమ్ముడుపోతుంది. ఏ సరుకు ఎవరి కోసమో, దాని విలువ సభ్యునికి ఎలా చేరుతుందో సమావేశంలో లెక్కతో చెబితే అనుమానానికి తావుండదు.

ఆనంద్‌లో 1946లో ఏర్పడిన ఖేడా జిల్లా సంఘం చరిత్ర ఇదే చెబుతుంది. చలికాలంలో పాలు మిగిలిపోయేవి. సభ్యులు తెచ్చిన పాలను వెనక్కి పంపరాదన్నది అక్కడి వారందరి పట్టుదల. గేదె పాలతో పాలపొడి సాధ్యం కాదని విదేశీ నిపుణులు అన్నా, సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా సాధించి చూపారు. 1955లో అక్కడ పాలపొడి కర్మాగారం ప్రారంభమయింది. లక్ష్యం ఒక్కటైనందున రైతు అవసరమే యంత్రాల వారి పని అయింది.

మనకు దగ్గరలో ముల్కనూరు ఉంది. నాటి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరు కేంద్రంగా మహిళా పాడి రైతులు 2002లో తమ సొంత డెయిరీని నడపసాగారు. వారి సరుకు పేరు "స్వకృషి". ఇది మా కష్టఫలం అన్న మాట ఆ పేరులోనే ఉంది.

మన సంఘాలు చేయవలసినది ఇది. సభ్యులు, కార్యదర్శి, పరీక్షకుడు, వ్యాను డ్రైవరు, డెయిరీ ప్రతినిధి, అమ్మే ఏజెంటు ఒకచోట కూర్చోవాలి. కొనే ఇంటివారిని ఒకరిద్దరిని కూడా పిలవాలి. నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి:

1. మన సరుకు ఎవరి కోసం?
2. అది ఎలా ఉంటే వారు మళ్ళీ కొంటారు?
3. దానిని చెడగొట్టేవి ఏవి?
4. వాటిని ఆపే బాధ్యత ఏ దశలో ఎవరిది?

భేదాభిప్రాయాలు వస్తాయి. రైతుకు ధర కావాలి, కొనేవారికి చౌక కావాలి. ఆ మాటలు అక్కడే తేలాలి. తేలిన నిర్ణయాన్ని నాలుగు వాక్యాలలో పాల కేంద్రం గోడపై వ్రాయించాలి. మార్చవలసివస్తే మళ్ళీ అందరూ కూర్చొనే మార్చాలి.

పాలు ఒక్క చేతిలో చెడితే పది చేతుల కష్టం వృథా. కొనే ఇల్లు నిలిస్తేనే సభ్యునికి ధర, సంవత్సరాంతాన బోనసు నిలుస్తాయి.