లాగ్ లెవెల్ 3 ఎప్పుడు, 4 ఎప్పుడు? సర్వర్, ఏజెంట్ లాగ్స్ సరిగ్గా సెట్ చేసుకోవడం ఇలా

ఫోన్‌లో స్టోరేజ్ నిండితే నాలుగు వాట్సాప్ వీడియోలు డిలీట్ చేస్తాం, పని అయిపోతుంది. సర్వర్‌లో నిండితే కథ వేరు. డేటాబేస్ రాయడం ఆపేస్తుంది, వెబ్‌సైట్ తెరుచుకోదు, ఒక్కోసారి లాగిన్ అవ్వడం కూడా కష్టమే. ఇంత స్టోరేజ్ ఎవరు తినేశారా అని వెతికితే చాలాసార్లు దొరికే దొంగ లాగ్ ఫైలే. సమస్య ఏంటో చెప్పడానికి పెట్టుకున్న ఫైలే సమస్య అయి కూర్చుంటుందన్నమాట.

ఆఫీసులో నేను చూసేది సర్వర్ మానిటరింగ్. ఇంట్లో ఒక రాస్‌బెర్రీ పై మీద జాబిక్స్ నడుపుతున్నా. అందుకే ఇక్కడ ఉదాహరణగా దాన్నే తీసుకుంటున్నా. జాబిక్స్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. లాట్వియాకి చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 2001లో జీపీఎల్ లైసెన్స్ కింద బయటికొచ్చింది. మధ్యలో ఒక సర్వర్, కనిపెట్టాల్సిన ప్రతి మెషీన్‌లో ఒక ఏజెంట్ ఉంటాయి. ఎవరి లాగ్ వాళ్లదే.

లెవెల్ అంటే ఏంటి?

ప్రోగ్రామ్ చెప్పే మాటల్లో ఏది రాయాలి, ఏది వదిలేయాలి అని తేల్చేదే లాగ్ లెవెల్. ఆండ్రాయిడ్‌లో యాప్స్ తయారుచేసే వాళ్లకి లాగ్‌క్యాట్ తెలిసే ఉంటుంది. వెర్బోస్, డీబగ్, ఇన్ఫో, వార్న్, ఎర్రర్... అవే ఇవి. యూనిక్స్ ప్రపంచంలో ఈ పద్ధతికి మూలం 1980ల్లో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రాసిన సిస్‌లాగ్. అందులో 0 నుంచి 7 దాకా మొత్తం 8 స్థాయిలు. 0 అంటే ఎమర్జెన్సీ, 7 అంటే డీబగ్.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. సిస్‌లాగ్‌లో నంబర్ తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. పైథాన్‌లో దీనికి పూర్తిగా రివర్స్: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. కాబట్టి ఒక సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్న నంబర్‌ని ఇంకోదాంట్లో కళ్లు మూసుకుని పెట్టకండి. ముందు దాని డాక్యుమెంటేషన్ చూడండి.

జాబిక్స్‌లో చూడాల్సిన 3 సెట్టింగ్స్

మొదటిది డీబగ్‌లెవెల్. 0 పెడితే ప్రోగ్రామ్ మొదలైంది, ఆగింది లాంటి కనీస సమాచారమే వస్తుంది. 1లో క్రిటికల్, 2లో ఎర్రర్లు, 3లో వార్నింగ్‌లు, 4లో డీబగ్, 5లో ఇంకా లోతైన డీబగ్. డిఫాల్ట్ 3. రోజువారీ పనికి ఇది చాలు.

రెండోది లాగ్‌టైప్. లాగ్ సొంత ఫైల్‌లోకి వెళ్లాలా, సిస్‌లాగ్‌లోకి వెళ్లాలా, కన్సోల్ మీదికి రావాలా అనేది ఇక్కడ చెప్పాలి. డాకర్‌లో నడిపేవాళ్లకి కన్సోలే సుఖం.

మూడోది లాగ్‌ఫైల్‌సైజ్. ఎంబీల్లో ఇవ్వాలి, 0 నుంచి 1024 దాకా. 1 అని ఇస్తే ఫైల్ 1 ఎంబీ దాటగానే దాన్ని పాత ఫైల్‌గా పేరు మార్చి కొత్తది మొదలుపెడుతుంది. 0 ఇస్తే ఆ పని జాబిక్స్ చేయదు. చాలామంది గమనించని విషయం ఏంటంటే, లినక్స్ ప్యాకేజీ నుంచి ఇన్‌స్టాల్ చేస్తే కాన్ఫిగ్ ఫైల్‌లో ఈ విలువ 0 ఉంటుంది. ఫైళ్లు మార్చే బాధ్యత లాగ్‌రొటేట్ అనే వేరే ప్రోగ్రామ్‌ది. అది మామూలుగా రోజుకో వారానికో ఒకసారి లేస్తుంది. ఈలోపు మీరు లెవెల్ 4 పెట్టారనుకోండి, ఫైల్ పెరుగుదలకి అడ్డే ఉండదు.

డీబగ్ పెట్టాల్సి వస్తే?

పెట్టండి, తప్పులేదు. కాకపోతే కాన్ఫిగ్ ఫైల్ మార్చి రీస్టార్ట్ చేయకండి. రీస్టార్ట్ చేస్తే మీరు పట్టుకోవాలనుకున్న సమస్యే మాయమవ్వొచ్చు. జాబిక్స్‌లో రన్‌టైమ్ కంట్రోల్ ఉంది. నడుస్తున్న సర్వర్‌కే ఒక కమాండ్‌తో లెవెల్ ఒక మెట్టు పెంచొచ్చు, పని అయ్యాక తగ్గించొచ్చు. ఇంకా బాగుండే విషయం, మొత్తం సర్వర్‌కి కాకుండా అనుమానం ఉన్న ఒక్క రకం ప్రాసెస్‌కి, ఉదాహరణకి పోలర్‌కి మాత్రమే పెంచొచ్చు. మర్చిపోయినా తర్వాత రీస్టార్ట్‌తో కాన్ఫిగ్‌లో ఉన్న విలువే వస్తుంది.

రాస్‌బెర్రీ పై వాడేవాళ్లకి ఇంకో మాట. మీ లాగ్ ఎస్‌డీ కార్డ్ మీద పడుతుంటే, ప్రతి రాత దాని ఆయుష్షులోంచి కొంత తీసుకుంటుంది. డీబగ్ ఆన్‌లో వదిలేస్తే కార్డ్ తొందరగా పోతుంది.

డిలీట్ చేసినా ఖాళీ రాలేదా?

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక టీమ్ శుక్రవారం సాయంత్రం జావా అప్లికేషన్‌కి డీబగ్ ఆన్ చేసి ఇంటికెళ్లిపోయింది. సోమవారం పొద్దునకి డిస్క్ 100 శాతం. ఒకతను కంగారులో ఆ పెద్ద లాగ్ ఫైల్ డిలీట్ చేశాడు. అయినా డిస్క్ 100 శాతమే! కారణం సింపుల్. లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైల్‌ని తెరిచి పట్టుకుని ఉంటే, మనం డిలీట్ చేసినా పేరు పోతుంది గానీ చోటు ఖాళీ అవ్వదు. అలాంటి ఫైళ్లని ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ చూపిస్తుంది. డిలీట్ చేయకుండా ఫైల్‌లో ఉన్నదాన్ని ఖాళీ చేసి సైజ్ సున్నాకి తేవడమే సరైన దారి. లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ ఆప్షన్ చేసేది దాదాపు ఇదే. ముందు కాపీ తీసి, తర్వాత అసలు ఫైల్‌ని ఖాళీ చేస్తుంది.

లాగ్‌లో ఏం ఉండకూడదు?

పాస్‌వర్డులు, ఓటీపీలు, టోకెన్లు ఉండకూడదు. 2018 మేలో ట్విట్టర్ ఒక బగ్ గురించి తనే బయటపెట్టింది. పాస్‌వర్డులు హ్యాష్ అవ్వకముందే ఉన్నవి ఉన్నట్టుగా లోపలి లాగ్‌లో పడ్డాయి. దుర్వినియోగం జరిగినట్టు ఆధారాల్లేవని చెబుతూనే, 33 కోట్ల మంది యూజర్లని పాస్‌వర్డ్ మార్చుకునే విషయం ఆలోచించమంది. జాబిక్స్ సర్వర్‌లోనూ లెవెల్ 4 పెడితే డేటాబేస్ క్వెరీలు లాగ్‌లో కనిపిస్తాయి. ఫోరమ్‌లోనో టెలిగ్రామ్ గ్రూప్‌లోనో సాయం అడుగుతూ డీబగ్ లాగ్ మొత్తం పేస్ట్ చేసే ముందు ఒకసారి చదవండి. ఇంటి గుట్టు మనమే వీధిలో పెట్టుకున్నట్టు అవుతుంది.

ఎన్నాళ్లు దాచాలి?

డిస్క్ నిండుతుందని లాగ్స్ అన్నీ ఆపేస్తే ఇంకో ప్రమాదం. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, హ్యాకింగ్ చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. అప్పుడు వెనక్కి చూడ్డానికి మిగిలే సాక్ష్యం లాగ్సే. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, సర్వీస్ ప్రొవైడర్లు 180 రోజుల లాగ్స్ దాచాలి. ఇంట్లో ఒక పై బోర్డ్ నడిపేవాళ్లకి అంత అక్కర్లేదు.

నా సెటప్ ఇది: సర్వర్, ఏజెంట్ రెండిట్లో లెవెల్ 3, ఇంట్లో లాగ్‌ఫైల్‌సైజ్ 10, డిస్క్ 80 శాతం దాటితే ఫోన్‌కి అలర్ట్. జర్నల్‌డీ వాడేవాళ్లు సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్‌కి కూడా ఒక హద్దు పెట్టుకోండి. లేకపోతే అది డిస్క్‌లో 10 శాతం దాకా, గరిష్ఠంగా 4 జీబీ తీసుకుంటుంది. 32 జీబీ కార్డ్‌లో అంటే 3 జీబీ పైమాటే. ఈ మార్పులన్నిటికీ పట్టే టైమ్ పావుగంట. ఈ వీకెండ్ కొత్త రామ్ ఇన్‌స్టాల్ చేసే ముందు ఇది చేసేయండి.