ఏ తీరమునకు పోవుదము?

సంక్రాంతి సెలవులు సమీపించినప్పుడు తెలుగువారి యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ఈసారి సముద్రమునకు పోవుదమా?" కర్నూలు, వరంగల్లు, నిజామాబాదు వంటి లోతట్టు ప్రాంతముల బాలబాలికలలో సముద్రమును కన్నులార చూడనివారు నేటికిని పెక్కుమంది కలరు. తొలిసారి చూచిన బాలుడు కొంతసేపు మాటలాడడు. తరువాత నీటివైపు పరుగెత్తును. ఆ పరుగే నాకు భయము.

ఆంధ్రప్రదేశ్ తీరము ఇచ్ఛాపురము మొదలు తడ వరకు దాదాపు 1000 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. తెలంగాణమునకు సముద్రము లేదు గనుక అచ్చటివారును తరచుగా ఈ తీరములకే వత్తురు. ఇంత పొడవున ఎచ్చట దిగినను ఇసుకయు, నీరునే కదా యని పలువురు తలంతురు. అది పొరపాటు. మనుష్యులవలెనే తీరములకును వేర్వేఱు స్వభావములు కలవు. కొన్ని చూచుటకే తగినవి; కొన్ని స్నానమునకు తగినవి; కొన్ని నడచుటకు మిక్కిలి హాయినిచ్చును. మిక్కిలి అందమైన తీరమే మిక్కిలి ప్రమాదకరమైనదిగా నుండుటయు కలదు. ఈ భేదమును నేను పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

సుమారు ఇరువదియైదేండ్ల క్రిందట నేను పదవ తరగతి విద్యార్థులను నలువదిమందిని విహారయాత్రకు తీసికొనిపోతిని. ఆ తీరము పేరు చెప్పను. తప్పు తీరముది కాదు, నాది. ప్రాతఃకాలము. అలలు పెద్దవిగా లేచి, విఱిగి, తెల్లని నురుగుతో ఒడ్డును తాకుచుండెను. ఒక్కచోట మాత్రము, సుమారు తరగతిగది పొడవున, అలలు లేక నీరు నున్నగా నుండెను. నేను దానిని చూచి సంతోషించి, "అచ్చట నెమ్మదిగా నున్నది, అచ్చటనే స్నానము చేయుడు" అని పిల్లలతో చెప్పితిని. అయిదు నిమిషములు గడువకముందే ముగ్గురు బాలురు నడుములోతు నీటినుండి గొంతులోతునకు పోయిరి. వారు పోలేదు, నీరు కొనిపోయినది. ఇద్దరిని తోడివారు చేతులుపట్టి లాగిరి. మూడవవాడు చేయి పైకెత్తి, దూరమగుచుండెను.

ఒడ్డున వల బాగుచేసికొనుచున్న మత్స్యకారుడొకడు వలను పడవైచి, ప్లాస్టిక్ డబ్బా యొకటి చంకనిడుకొని నీటిలో దుమికెను. అతడు తిన్నగా ఒడ్డునకు రాక, బాలుని ప్రక్కకు, ప్రక్కకు తీసికొనిపోయి, అలలు విఱుగుచున్న చోటినుండి ఒడ్డెక్కించెను. నేను చేతులు జోడించితిని. అతడు కోపపడక, "మాస్టారూ, కెరటం ఇరగని సోట నీళ్లు ఎనక్కి పోతన్నాయని లెక్క. ఆ మాత్రం తెలీకండా పిల్లల్ని దింపేశారేటండి" అనెను. తెలుగు పండితుడనైన నాకు సముద్రమునకు పర్యాయపదములు పది తెలియును: జలధి, వారిధి, పయోధి, అంబుధి ఇత్యాదులు. సముద్రము మాత్రము తెలియదని ఆనాడు తెలిసినది.

అతడు ఒక్క వాక్యములో చెప్పిన విషయమును ఇప్పుడు విస్తరించి చెప్పుదును. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరంతయు మరల లోపలికి పోవలెను గదా. ఒడ్డునకు కొంత దూరమున నీటి క్రింద ఇసుక మెట్టలు గట్టువలె ఏర్పడియుండును. అల ఆ గట్టునకు తగిలి విఱిగి నురుగగును. గట్టు ఎచ్చటనైన తెగియున్నచో, ఒడ్డున చేరిన నీరు ఆ సందునుండి కాలువవలె వెలుపలికి పాఱును. అచ్చట లోతెక్కువ గనుక అల విఱుగదు. కావున చూపరులకు ఆ చోటు ప్రశాంతముగా కనబడును. నీరు ప్రక్కచోట్లకంటె ఒక్కింత నల్లగా గాని, ఇసుక కలసి బురదరంగుగా గాని యుండును. నురుగు, పుల్లలు, ఆకులు సముద్రమువైపు సాగిపోవుచుండును. పది నిమిషములు ఒడ్డున నిలిచి చూచినచో ఈ గుర్తులు ఎవరికైనను పట్టుబడును. ఆ పది నిమిషములు నిలిచి చూచువారే తక్కువ.

బలమైన ప్రవాహము సెకనుకు రెండు మీటర్లకు పైగా పాఱగలదు. పేరుమోసిన ఈతగాండ్రకును దానికి ఎదురీదుట సాధ్యము కాదు. ఎదురీది, అలసి, మునిగిపోవువారే ఎక్కువ. నిజమునకు ఆ ప్రవాహము మనుష్యుని క్రిందికి లాగదు, దూరముగా కొనిపోవునంతే. అది వెడల్పున తక్కువగా నుండును. అలలు విఱుగు ప్రదేశమును దాటినపిమ్మట బలము తగ్గును. కావున దానిలో చిక్కినవాడు వెల్లకిల తేలుచు, చేయి పైకెత్తి సహాయము కోరవలెను. ఈత వచ్చినవాడు ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ప్రవాహమునుండి తప్పించుకొని, పిమ్మట అలలతో కూడ ఒడ్డునకు రావలెను. ఒడ్డున నున్నవారు తొందరపడి దుమికినచో ఒకరికి బదులు ఇద్దరు పోవుదురు. ఖాళీ డబ్బాయో, త్రాడో, బంతియో విసరుట మేలు.

ఇక ఏ తీరమునకు పోవలెనను ప్రశ్నకు వత్తము. ఊరిని నిర్ణయించుటకు ముందు నెలను నిర్ణయించుకొనవలెను. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనముల కాలము. అలలు ఉద్ధృతముగా నుండును. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులకు పేరుపడినవి. మచిలీపట్టణమును 1864 నవంబరులో ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19వ తేదీన వచ్చినది. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకినది. మన కార్తిక స్నానములును ఈ నెలలలోనే పడును. సముద్రస్నానమునకు మనవారు ఎక్కువగా పోవు మాసము, సముద్రమునకు ఎక్కువగా కోపము వచ్చు మాసము ఒక్కటే యగుట చిత్రము. స్నానము మానుమని చెప్పుట నా అభిప్రాయము కాదు. బయలుదేరుటకు ముందు సముద్రపు వార్తను తెలిసికొనవలెను. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము పెద్ద అలలను గూర్చి ముందుగా హెచ్చరికలు ఇచ్చుచున్నది. సముద్రము లేని నగరమునుండి సముద్రపు వార్తలు వచ్చుట వింతగా తోచును గాని, అవి విశ్వసింపదగినవి.

విశ్రాంతి కోరువారికి డిసెంబరు నడిమినుండి ఫిబ్రవరి చివరవరకు గల కాలము అనుకూలము. ఎండ తీక్షణముగా నుండదు. ఆకాశము నిర్మలముగా నుండును. సముద్రము సాధారణముగా శాంతించియుండును.

విశాఖపట్టణపు తీరము అందమునకు ప్రసిద్ధి. తూర్పు కనుమల కొండలు ఇచ్చట సముద్రపుటంచు వరకు వచ్చినవి. కొండ, ఇసుక, నీరు మూడును ఒక్కచూపులో కనబడు చోట్లు మన తీరమున అరుదు. అయితే ఆ కొండల చెంతనే కష్టమును కలదు. నేల త్వరగా లోతగును. అల ఒడ్డునకు మిక్కిలి సమీపమునకు వచ్చి పెద్దదిగా విఱుగును. నగరములోని రామకృష్ణా బీచి సాయంకాలము కూర్చుండుటకు, 1969 మొదలు 2001 వరకు సేవచేసి ఒడ్డునకు చేరిన కుర్సుర జలాంతర్గామిని లోపలికి పోయి చూచుటకు తగినది. స్నానమునకు తగినది కాదు. అచ్చట ప్రాణములు పోగొట్టుకొన్న యువకులను గూర్చి పత్రికలలో ఏటేట చదువుచునే యున్నాము.

ఆ బీచిని గూర్చి మఱియొక విశేషము కలదు. మన తూర్పుతీరమున ఏటి మొత్తము మీద ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు సాగును. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు కొఱకు కట్టిన అలల అడ్డుగోడలు ఆ ఇసుకను దక్షిణముననే నిలుపుచున్నవి. ఉత్తరమున నున్న నగరపు తీరము కోతకు గురియగుచున్నది. అందుచేత ఆగిన ఇసుకను త్రవ్వి తీసి, నీటితో కూడ గొట్టముల ద్వారా నగరపు తీరమున పోయుచుందురు. మనము కూర్చుండు ఇసుకలో కొంత సముద్రము తెచ్చినది కాదు, మనుష్యులు తెచ్చినది.

నగరమునకు ఈశాన్యమున భీమునిపట్నము పోవు త్రోవలో ఋషికొండ కలదు. దానికి 2020లో "నీలి పతాకము" అను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. నీటి శుభ్రత, ఒడ్డున పారిశుద్ధ్యము, రక్షకుల యేర్పాటు మొదలగువానిని పరీక్షించి డెన్మార్కులోని సంస్థ దీనిని ఇచ్చును. ఒకసారి ఇచ్చిన శాశ్వతమగునది కాదు, ఏటేట పరీక్షింతురు. స్నానము చేయదలచినవారు ఇట్టి రక్షకులుండు చోటనే, వారు చూపిన హద్దులోనే చేయవలెను. ఇంకను ముందుకు పోయినచో ఎఱ్ఱమట్టి దిబ్బలు కనబడును. అవి వేల యేండ్ల కాలమున ఏర్పడినవి. వాటిపై ఎక్కి జాఱుట, మట్టిని సంచులలో నింపుకొని వచ్చుట మంచిది కాదు.

కాకినాడ యొద్ద కథ వేఱు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ద్వీపము సన్నగా, పొడవుగా సముద్రమునకు అడ్డునిలిచి కాకినాడ అఖాతమును కాపాడుచున్నది. ఆ చాటు దాటి కొంత ఉత్తరమునకు పోయినచో ఉప్పాడ. అచ్చట అడ్డు లేదు. అలలు ఇండ్లను, రోడ్డును కోసివేయుచున్నవి. జామ్‌దానీ చీరలకు పేరొందిన ఆ గ్రామమునకు వినోదము కొఱకు పోవువారు, తాము నిలిచి ఫోటోలు తీసికొను చోట ఒకప్పుడు ఎవరి వాకిలియో యుండెనని తలంపవలెను.

డెల్టా తీరములలో నదులు యుగయుగములుగా ఒండ్రు పోయుటచేత నేల దూరమువరకు పల్లముకాదు. మచిలీపట్టణము దగ్గఱి మంగినపూడిలో ఇసుకకు మాఱుగా నల్లమట్టియే ఎక్కువ. చూపునకు అందము తక్కువైనను నీటిలోతు తక్కువ. బాపట్ల యొద్దనున్న సూర్యలంక, చీరాల యొద్దనున్న వాడరేవు విశాలమైన ఇసుకతిన్నెలతో నడచుటకు హాయిగా నుండును. హైదరాబాదునుండి వచ్చువారికి ఇవియే అందుబాటు. లోతు తక్కువ యని ధైర్యపడరాదు. ఒక్కొక్క గాలివానకు అడుగున గుంటలు స్థానము మాఱును. నిన్న మోకాలిలోతున్న చోట నేడు తలమునక లుండవచ్చును. ఈ తీరములలోను ప్రమాదములు జరిగినవి. జరిగిన పిమ్మట కొన్నాళ్ళు ప్రవేశము నిలిపివేసిన సందర్భములును కలవు. అంతర్వేది వంటి నదీసంగమములలో నది యొకవైపు, పోటు మఱియొకవైపు లాగుచుండును. అచ్చట స్వామిని దర్శించి, సంగమమును కన్నులతో చూచి, స్నానము ఏర్పాటుచేసిన ఘట్టములోనే చేయవలెను.

పోటుపాటులను గూర్చి ఒక్కమాట. పోటునకు పోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. అందుచేత నేడు ఉదయము ఆఱు గంటలకు పోటు వచ్చినచో, ఱేపు దాదాపు ఏడు గంటలకు వచ్చును. అమావాస్య, పూర్ణిమల యందు పోటు మిక్కిలిగా నుండును. ఇసుకలో సామాను పెట్టుకొని నిద్రించువారు ఈ లెక్క నెఱుగకున్న తడిసిన చెప్పులు వెదకుకొనవలసివచ్చును.

చలికాలపు రాత్రులలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరములకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. సుమారు ఏబది దినములకు పిల్లలు వెలువడి, వెలుగును బట్టి సముద్రమువైపు నడచును. ఒడ్డున మనము వెలిగించు పెద్ద దీపములు వాటికి దారి తప్పించును. జనవరి మొదలు తీరమున రాత్రి బసచేయువారు దీపములను తగ్గించి కూర్చున్నచో నక్షత్రములును బాగుగా కనబడును.

నాకు ఇష్టమైన తీరమేది యని మీరడుగుదురు. భీమునిపట్నము. గోస్తనీనది సముద్రమున కలియు చోటు, డచ్చివారి పాత సమాధులు, దీపస్తంభము, పడవలు. అంగళ్ళ సందడి నగరపుటొడ్డున ఉన్నంత లేదు. నదీముఖము గనుక నేను నీట దిగను. పుష్య పూర్ణిమనాడు పోవుట నా అలవాటు. ప్రొద్దు వెనుక కొండల చాటునకు పోవుచుండగనే, ఎదుట నీటి మీదనుండి చంద్రుడు ఎఱ్ఱగా లేచును. పడమటి తీరమువారికి ఈ భాగ్యము లేదు. వారికి సూర్యాస్తమయము సముద్రము మీద.

ఆనాడు మత్స్యకారుడు ఒడ్డెక్కించిన బాలుడు నేడు ఇద్దరు పిల్లల తండ్రి. గత పుష్యమాసమున అతడును నాతో వచ్చెను. పిల్లలు బస్సు దిగగనే నీటివైపు పరుగెత్తిరి. "ఆగండి రా! కెరటం ఎక్కడ విరగడం లేదో ముందు తాతగారికి చూపించండి" అని అతడు కేకవైచెను. వారు వచ్చి నా చెఱియొక ప్రక్కను కూర్చుండి, వ్రేళ్ళతో చూపసాగిరి.