దవడకీలు – దాని వివిధాకృతులు

పండ్లవరుస సరిచేయించుటకై పిల్లలను రాజామునుండి పట్టణములకు గొనిపోవు తలిదండ్రులు, దవడల ఎక్సురే పటమును జూచి కలవరపడుట కలదు. ఒక ప్రక్క కీలు గుండ్రముగను, రెండవ ప్రక్కది కొనదేరియు నగపడుటయే యందులకు కారణము. ఆ భేదము చాలవఱకు రోగము కాదని తెలుపుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చెవి ముందఱ వ్రేలు మోపి నోరు తెఱచి మూసినచో లోపల కదలునది తెలియును. క్రిందిదవడ యెముక పైకొన గుబ్బవలెనుండి, కణతయెముక యడుగునగల పల్లములో నిమిడియుండును. రెంటి నడుమ మెత్తని బిళ్ళ యొకటి కలదు. ఈ కీలు తలుపుబందువలె తిరుగుటయేగాక, నోరు బాగుగ తెఱచినపుడు ముందునకు జాఱును. చెఱకుగడ చీల్చినను, తేగ నమలినను రెండు ప్రక్కలును గలిసి పనిచేయవలసినదే.

గుబ్బ అడ్డముగా సుమారు 15 మొదలు 20 మిల్లీమీటర్లును, ముందువెనుకలకు 8 మొదలు 10 మిల్లీమీటర్లును ఉండును. పటములందు తఱచుగా గ్రుడ్డువలె గనబడును. కొందఱికి పక్షిముక్కువలెను, కొందఱికి గాలిపటమువలె మూలలుదేరియు, కొందఱికి వంచిన వ్రేలువలెను ఉండును. ఒక్కరికే కుడియెడమలు వేఱుగ నుండుటయు వింత కాదు. అరుదుగా గుబ్బ నడుమ గాడిపడి రెండు తలలుగ దోచును. హర్‌డ్లిచ్కాయను మానవశాస్త్రజ్ఞుడు 1941లో పుఱ్ఱెలయందు దీనిని జూచి వర్ణించెను. ఇట్టిది చిన్ననాటి దెబ్బవలన గలుగవచ్చును. ఏ బాధయు లేనివారి పటములలో ననుకోకుండ బయలుపడుటయు గలదు.

రాంట్జెన్ 1895 నవంబరులో ఈ కిరణములను కనుగొనగా, 1896 జనవరిలోనే వాల్కాఫ్ తన పండ్ల పటమును దీయించుకొనెను. అందులకు 25 నిమిషములు పట్టెనట! నేటి యంత్రము తలచుట్టు దిరిగి అరనిమిషములోపుననే రెండు దవడలను చిత్రించును. కాని వంపుగల వస్తువును చదునుగ పఱచి చూపుటచే, తల రవంత తిరిగియున్నను ఒక ప్రక్క పెద్దదిగ నగపడును. నడిమి బిళ్ళ యందు గానరానే రాదు. కావున పటమొక్కటి జూచి చికిత్సకు బూనుట తగదని మా యభిప్రాయము.

నొప్పిలేక కీలు టక్కుమనుట అనేకులకు గలదు. నోరు పట్టివేయుట, నమలునపుడు నొప్పి, గడ్డము నానాటికి నొక వైపునకు ఒఱగుట, గడ్డముపై దెబ్బ తగిలిన పిల్లవానికి నోరు సరిగ తెఱవరామి – వీనిని మాత్రము వెంటనే వైద్యునికి జూపవలెను. అట్లు పోవునపుడు పాతపటమును వెంట గొనిపోయినచో, గుబ్బ యంచు అరిగినదో, మొదటినుండియు నట్లేయున్నదో వైద్యుడు పోల్చిచూడగలడు.