కారు షెడ్డులో కూడుకొన్న 32 మంది

హ్యాకర్ అనే మాట మన ఇండ్లలో వినబడేది భయముతోనే. బ్యాంకులో దాచుకొన్న సొమ్ము పోయిందనో, ఫోనుకు వచ్చిన నంబరు ఎవరికో చెప్పగా పింఛను డబ్బు మాయమైందనో పేపరులో చదివినప్పుడు ఆ మాట కంటబడుతుంది. అటువంటి దొంగలు ఉన్నారు, వారి విషయములో జాగ్రత్తగా ఉండవలసిందే. అయితే ఆ మాటకు మొదట్లో దొంగతనముతో పని లేదు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ విద్యాలయములో బొమ్మరైళ్ళంటే ఇష్టపడే విద్యార్థుల క్లబ్బు ఒకటుండేది. 1950ల చివరి కాలములో ఆ పిల్లలు పట్టాల క్రింద తీగెలు, స్విచ్చులు తెలివిగా అమర్చిన పనిని హ్యాక్ అనేవారు. జీతము కొరకు కాక, పని మీది మక్కువతో రాత్రింబవళ్ళు యంత్రముతో కుస్తీపట్టేవాడు హ్యాకర్.

అట్టివారి సంఘమొకదాని చరిత్రను ఈ నెల మా పాఠకుల ముందు ఉంచుతున్నాము. మన కుటుంబాలలో రేడియో విప్పి పారేసే కుర్రవాడు, పాత ఫోన్లు పోగుచేసే కుర్రవాడు ఒకడైనా ఉంటాడు గనుక ఇది పరాయి సంగతి కాదు.

1975 మార్చి 5, బుధవారము. కాలిఫోర్నియా రాష్ట్రములో మెన్లో పార్క్ అనే ఊరు. ఆ రాత్రి వాన కురుస్తూ ఉంది. గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన ఇంటి కారు షెడ్డులో 32 మంది కూడుకొన్నారు. కూడిక ఏర్పాటు చేసినది ఆయన, ఆయనతో పాటు ఫ్రెడ్ మూర్. ఆ కాలములో కంప్యూటరంటే ప్రభుత్వాలకు, పెద్ద కంపెనీలకు, విశ్వవిద్యాలయాలకు మాత్రమే ఉండేది. ఒక మనిషి తన ఇంటిలో కంప్యూటరు పెట్టుకొంటాననడము, మన రైతు తన దొడ్డిలో రైలింజను కట్టేసుకొంటానన్నట్టు ఉండేది.

ఆ రాత్రి షెడ్డులో చూపించిన యంత్రము పేరు ఆల్టెయిర్ 8800. న్యూమెక్సికో రాష్ట్రములోని ఆల్బకర్కీ పట్టణములో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయన అప్పుల్లో మునిగిన తన చిన్న కంపెనీని నిలబెట్టుకోవడానికి దీనిని తయారుచేశారు. 1975 జనవరిలో ఒక ఎలక్ట్రానిక్స్ మాసపత్రిక దీని బొమ్మను అట్టమీద వేసింది. విడిభాగాలన్నీ ఒక పెట్టెలో పంపుతారు, మనమే అతుకులు వేసుకోవాలి, వెల 397 డాలర్లు. ఏవో కొన్ని వందలు అమ్ముడుపోతాయనుకొంటే వేలాదిగా ఆర్డర్లు వచ్చిపడ్డాయి. అంతా కూర్చిన తరువాత దానికి టీవీ తెర లేదు, అక్షరాల మీటలు లేవు. ముందు వైపు వరుసగా స్విచ్చులు, చిన్న దీపాలు, అంతే. దాని జ్ఞాపకశక్తి 256 ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేటంత. అనగా పోస్టుకార్డు మీద నాలుగైదు వరుసలు! ఈ ఎడ్ రాబర్ట్స్ తరువాత వ్యాపారము అమ్మివేసి, నడివయస్సులో వైద్యము చదివి, జార్జియా రాష్ట్రములో ఒక చిన్న ఊరి డాక్టరుగా 2010లో చనిపోయేవరకు సేవచేశారు. ఆయన జీవితములో మాకు నచ్చిన భాగము అదే.

క్లబ్బుకు హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు అని పేరు పెట్టుకొన్నారు. ఇంటిలో కాచుకొన్నది అని ఆ మాటకు అర్థము. సారా సంగతి కాదు లెండి, సొంత చేతులతో ఇంటిదగ్గర చేసుకొన్నది అని భావము.

ఫ్రెడ్ మూర్‌ను గూర్చి కొంత చెప్పాలి. ఆయన యుద్ధమును వ్యతిరేకించిన మనిషి. 1959లో బర్క్‌లీ విశ్వవిద్యాలయములో విద్యార్థులందరికీ సైనిక శిక్షణ తప్పనిసరిగా ఉండగా, అది తన మనస్సాక్షికి విరుద్ధమని మెట్లమీద ఉపవాసము కూర్చున్నాడు. ఆయన తండ్రి వాయుసేనలో అధికారి! తరువాత సైన్యములో చేరడానికి నిరాకరించి జైలుకు కూడా వెళ్ళాడు. ఎవరి దగ్గర ఏ తెలివి ఉన్నది, ఎవరికి ఏది అవసరము అన్నది కార్డులమీద వ్రాసుకొని మనుష్యులను కలపడము ఆయనకు ఇష్టమైన పని. క్లబ్బు వార్తాపత్రిక మొదటి సంచికలను నడిపినది ఆయనే.

రెండు వారాలకొకసారి కూడిక. కారు షెడ్డు చాలక కొన్ని చోట్లు మారి, చివరకు స్టాన్‌ఫర్డ్ వారి పరిశోధనా కేంద్రములోని పెద్ద హాలులో స్థిరపడ్డారు. వందలాదిమంది వచ్చేవారు. లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఇంజనీరు చేత కర్ర పట్టుకొని కూడిక నడిపించేవాడు. ఆ పద్ధతి వింటే మన సాక్ష్యాల కూడిక జ్ఞాపకము రాక మానదు. మొదట ఒక్కొక్కరు చేయి ఎత్తి, నేను ఫలానాది చేస్తున్నాను, నాకు ఫలానా భాగము దొరకడము లేదు, ఫలానా కంపెనీ కొత్త చిప్పు తెస్తున్నదట అని రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. తరువాత అందరూ లేచి, తమకు కావలసినవాణ్ణి వెదకి పట్టుకొని గుంపులు గుంపులుగా మాట్లాడుకొంటారు. లేనివాడు అడుగుతాడు, ఉన్నవాడు ఇస్తాడు. ఆ తరువాత కొందరు దగ్గరలోని బీరు దుకాణానికి పోయి అర్ధరాత్రి దాకా మాట్లాడుకొనేవారు. మేము అక్కడిదాకా వెంబడించము.

ఆ తొలి నెలల కూడికలో జరిగిన ఒక సంగతిని ఆ క్లబ్బువారు ఏళ్ళ తరబడి చెప్పుకొన్నారు. ఆ సారి ఒక బడిలో కూడారు. స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు తన ఆల్టెయిర్‌ను తెచ్చి, నేలమీద కూర్చొని, ఒక్కొక్క స్విచ్చు పైకీ క్రిందికీ వేస్తూ ఆజ్ఞలు ఎక్కించాడు. ఇంతలో తీగెకు ఎవరి కాలో తగిలింది, కరెంటు పోయింది, ఎక్కించినదంతా తుడిచిపెట్టుకొని పోయింది. ఆయన విసుగుకోక మళ్ళీ మొదటినుండి ఎక్కించాడు. యంత్రము మీద ఒక చిన్న రేడియో పెట్టాడు. ఆ రేడియోలోనుండి పాట వచ్చింది! యంత్రము పనిచేస్తున్నప్పుడు దగ్గరనున్న రేడియోలో గరగర వస్తుందని ఆయన ఇంటిదగ్గర కనిపెట్టాడు. ఏ ఆజ్ఞకు ఏ స్వరము పలుకుతుందో లెక్కకట్టుకొని ఆ గరగరతోనే రాగము కట్టాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎందుకూ పనికిరాదనుకొన్న పెట్టె పాట పాడింది మరి.

ఇక గొడవ వచ్చిన సంగతి. ఆల్టెయిర్‌కు పనులు సులువుగా చెప్పడానికి బేసిక్ అనే కంప్యూటరు భాషను బిల్ గేట్స్, పాల్ ఆలెన్ అనే ఇద్దరు యువకులు స్నేహితుని సహాయముతో వ్రాశారు. కంపెనీ దానిని విడిగా 500 డాలర్లకు, తన ఇతర పలకలతో కలిపి కొంటే చాలా తక్కువకు అమ్మింది. ఆ పలకలు సరిగా పనిచేసేవి కావు. పని చేయని సామాను కొంటేగాని చవకగా ఇవ్వరా అని సభ్యులకు కోపము. 1975 వేసవిలో కంపెనీవారి ప్రదర్శన ఒకటి జరిగినప్పుడు, బేసిక్ ఎక్కించిన కాగితపు టేపు ఒకటి చేతులు మారింది. తరువాతి కూడికకు పెట్టెనిండా నకళ్ళు వచ్చాయి. షరతు ఒక్కటే, ఒకటి పట్టుకొని పోయినవాడు తిరిగి రెండు తేవాలి.

1976 ఫిబ్రవరి 3వ తేదీతో బిల్ గేట్స్ ఈ అభిరుచిపరులకు ఒక బహిరంగ లేఖ వ్రాశాడు. ఆల్టెయిర్ ఉన్నవారిలో పదిమందికి ఒకరైనా బేసిక్ కొనలేదని, తమకు గిట్టినది గంటకు రెండు డాలర్లకన్న తక్కువని, మీలో చాలామంది చేస్తున్నది దొంగతనమని ఆయన మాట. చదివినవారికి మండిపోయింది.

మన సంఘాలలోనూ ఈ తగవు లేకపోలేదు. క్యాసెట్ల కాలములో ఒక సహోదరుడు అప్పు చేసి స్టూడియోలో పాటలు రికార్డు చేయిస్తే, ఊరంతా ఒకే క్యాసెట్టు నుండి కాపీలు తీసుకొన్నది. దేవుని పాటలకు వెల ఏమిటని కొందరు, ఆ సహోదరుని అప్పు ఎవరు తీర్చాలని కొందరు. మా ఉద్దేశములో, ఇచ్చేవాడు ఉచితముగా ఇస్తే అది దానము, ఇవ్వకుండానే తీసుకొంటే దానికి వేరే పేరుంది. టేపు విషయములో గేట్స్ మాట చేదైనా కొట్టివేయదగినది కాదు.

అయితే క్లబ్బువారు వేరొక దారి కూడా చూపించారు. టామ్ పిట్‌మన్ అనే సభ్యుడు తాను క్రైస్తవుడనని దాచక వ్రాసుకొన్న మనిషి. ఆయన చిన్న బేసిక్ ఒకటి వ్రాసి 5 డాలర్లకే పెట్టాడు. జనము కొన్నారు. అప్పటికే స్నేహితుని దగ్గర కాపీ తీసుకొన్నాము, ఇదిగో దాని వెల అని తమంతట తామే డబ్బు పంపినవారూ ఉన్నారు. అయిదు వందల డాలర్ల చట్టము చేయలేని పని అయిదు డాలర్ల నమ్మకము చేసింది.

ఈ క్లబ్బులో వెనుక వరుసలో మాట్లాడకుండా కూర్చొనే బిడియస్థుడు స్టీవ్ వోజ్నియాక్. ఖరీదైన చిప్పు కొనలేక, 25 డాలర్ల చిప్పు దొరికేదాకా కాగితము మీదనే నమూనా గీసుకొన్నాడు. తన యంత్రము తయారు కాగానే దాని పటమును నకళ్ళు తీసి సభ్యులకు ఊరకే పంచిపెట్టాడు. అమ్ముదామన్నది ఆయన స్నేహితుడు స్టీవ్ జాబ్స్. అదే 1976లో వచ్చిన మొదటి ఆపిల్ కంప్యూటరు. దాని వెల 666.66 డాలర్లు! ప్రకటన 13వ అధ్యాయము ఎరిగిన మనవారు ఈ అంకె చూసి ఉలిక్కిపడతారు, దీనిమీద ఊహలల్లి ప్రసంగించేవారూ ఉన్నారు. జరిగినది చాలా చిన్న సంగతి. దుకాణదారునికి 500కు ఇచ్చి, పైన మూడోవంతు లాభము వేసి, ఒకే అంకె వరుసగా రావడము ఇష్టమని వోజ్నియాక్ అలా పెట్టాడు. ఆ అంకెకు మరొక అర్థమున్నదని తనకు అప్పుడు తెలియదని ఆయన చెప్పాడు.

మన హైదరాబాదులోనూ స్వేచ్ఛ అనే సంస్థవారు స్వచ్ఛందముగా పనిచేసి, ఆజ్ఞలన్నీ తెలుగులో కనిపించే కంప్యూటరు వ్యవస్థను తయారుచేసి ఉచితముగా ఇచ్చారు. యౌవనస్థులున్న సంఘాలు కనుక్కొనదగిన పని.

హోంబ్రూ సభ్యులలో అనేకులు కంపెనీలు పెట్టుకొన్నారు. అందరికీ చెప్పే అలవాటు పోయి, రహస్యాలు వచ్చాయి. ఫ్రెడ్ మూర్ ఆ వాతావరణము గిట్టక కొద్దికాలానికే తప్పుకొని, తన శాంతి ఉద్యమములోనికి తిరిగి వెళ్ళిపోయాడు. 1997లో కారు ప్రమాదములో మరణించాడు. క్లబ్బు మాత్రము 1986 డిసెంబరు వరకు కూడుతూనే ఉంది.