దుర్భిణి ఎంపిక: దగ్గరకు పోకుండ దగ్గరగా చూచుట

వేట యనగానే మనకు తుపాకి స్ఫురించును. కాని కొండలలో వేటాడువారిని అడిగినచో, వారు తుపాకికంటె ముందు దుర్భిణిని పేర్కొందురు. స్కాట్లండు ఎత్తుకొండలలో జింకల వేటకు దారి చూపువారికి దుర్భిణితో కొండవాలులను గంటలకొలది పరికించుట తరతరముల విద్య. 1900లో బోయరు యుద్ధమునకై లార్డు లోవట్ అట్టివారిని చేర్చుకొని ‘లోవట్ స్కౌట్లు’ అను దళమును ఏర్పరచెను. వారి చూపునందలి నేర్పే ఆ దళమునకు పేరు తెచ్చెను.

ఆ చూపుపై ఒక ప్రాణము ఆధారపడియుండును. అలాస్కాలో తెల్లని కొండగొఱ్ఱెల వేటను గూర్చిన నియమమును చూడుడు. పెక్కు ప్రాంతములలో వేటాడదగిన పొట్టేలునకు కొమ్ము పూర్తి వలయముగా చుట్టుకొని యుండవలెను. లేదా రెండు కొమ్ముల కొనలును విరిగియుండవలెను. లేదా కొమ్ముపై ఏటేట ఏర్పడు గీతలను లెక్కించి ఎనిమిదేండ్లు నిండినవని తేల్చుకొనవలెను. ఎదుటి కొండపైనున్న పొట్టేలు కొమ్ముపై గీతలను లెక్కించుట సామాన్యమైన పనియా? లెక్క తప్పినచో లేతపొట్టేలు నేలగూలును, వేటగాడు నేరస్థుడగును. తుపాకిపై అమర్చు గురిదుర్భిణితో ఈ పని చేయరాదు. దానితో చూచుట యనగా, చూచినదానిపైకెల్ల తుపాకి ఎక్కుపెట్టుటయే. ఆ యెదుట నున్నది మనిషియే కావచ్చును. అందుచేతనే స్టాండుపై నిలుపు స్పాటింగ్ స్కోపు వేఱుగా అవసరమైనది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అయినను ఆ పరికరము మనకు పనికిరానిది కాదు. నేలపట్టులో గూడబాతులు పిల్లలను సాకునపుడు, పులికాట్ సరస్సున ఫ్లెమింగోలు బారులు తీరి మేయునపుడు, చూడ ముచ్చటపడి దగ్గరకు పోయితిమా, తల్లిపక్షి గూడు విడిచి లేచును. గ్రుడ్లు ఎండపాలో, కాకులపాలో అగును. వేటగానికి తుపాకి పేల్చకుండుటకును, మనకు అడుగు ముందుకు వేయకుండుటకును అక్కఱకు వచ్చునదే మంచి దుర్భిణి.

మఱి దానిని ఎంచుకొనుట యెట్లు? పెట్టెపై 20–60×80 వంటి అంకెలుండును. వస్తువును 20 రెట్లు మొదలు 60 రెట్ల వఱకు పెద్దదిగా చూపుననియు, ముందరి కటకము వ్యాసము 80 మిల్లీమీటర్లనియు వాని యర్థము. కొనువారిలో పలువురు మొదటి అంకెను చూచి మురియుదురు. చూడవలసినది రెండవది. వెలుగును లోనికి గ్రహించునది ముందరి కటకమే. 60 మిల్లీమీటర్ల కటకముకంటె 80 మిల్లీమీటర్ల కటకము వైశాల్యము ఇంచుమించు ఒకటిముప్పాతిక రెట్లు.

ఇచట చిన్న లెక్క యున్నది. కటకము వ్యాసమును రెట్ల సంఖ్యచే భాగించినచో, కంటికి చేరు వెలుగుకడ్డీ మందము వచ్చును. 80ని 20తో భాగింపగా 4 మిల్లీమీటర్లు. 60తో భాగింపగా 1.3 మాత్రమే. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లు తెఱచుకొనును. మునిచీకటిలో ఇంకను విప్పారును. జంతువులు, పక్షులు చురుకుగా తిరుగాడునది వేకువను, సందెవేళను గదా. ఆ వేళ 60 రెట్లు పెట్టినచో బొమ్మ పెద్దదగును గాని మసకబారును.

పోనీ, మధ్యాహ్నము చూతమందురా? అపుడు వెలుగునకు కొదువలేదు గాని, వేడెక్కిన నేలమీది గాలి అలలవలె కదలును. ఒకసారి పులికాట్ గట్టుపై ఎండవేళ మేము 60 రెట్లతో చూడగా, ఫ్లెమింగోల కాళ్లు నీటిలోని నీడలవలె వణకినవి. 25 రెట్లకు తగ్గించిన పిదప ముక్కు వంపు స్పష్టమైనది. గాలి వణకును ఏ కటకమును మాన్పలేదు.

ఇక గాజు సంగతి. పూతలేని గాజు ముఖమొక్కొక్కటి తనపై పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్లు వెనుకకు త్రిప్పివేయును. అట్టి ముఖములు పది యున్నచో మూడవవంతు వెలుగు దారిలోనే పోవును. 1935లో జర్మనీలో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకులా ఈ నష్టమును తగ్గించు పలుచని పూతను కనుగొనెను. నేడు అన్ని ముఖములకును పలు పొరల పూత యున్నదా యని విచారింపవలెను. ఈ.డి. అని గుర్తుగల గాజు రంగులు విడివడకుండ చూచును. కాని ఆ అక్షరములకు అందఱు తయారీదారులు పాటించు కొలత లేదు గనుక కంటితోనే పరీక్షింపవలెను.

పరీక్ష సులభము. దుకాణము వెలుపల ఆకాశమునకు ఎదురుగా తీగపై వ్రాలిన కాకిని చూడుడు. దాని అంచున ఊదా, పచ్చ చారలు కనబడినచో గాజు సామాన్యమైనది. దూరపు బోర్డుమీది చిన్న అక్షరములను మొదట తక్కువ రెట్లతోను, పిదప ఎక్కువ రెట్లతోను చదువుడు. కళ్లజోడు గలవారు జోడు తీయకయే నిండుగా కనబడుచున్నదో లేదో చూచుకొనవలెను. కన్ను 15 మిల్లీమీటర్లైనను ఎడముగా నుండు వీలు వారికి కావలెను. వీలైనచో సాయంకాలము పోవుట మేలు; పట్టపగటి వెలుతురులో అన్ని దుర్భిణులును మంచివిగానే తోచును.

వంపుగల కంటిగొట్టము పొట్టివారికిని పొడవువారికిని ఒకే స్టాండుపై చూచుటకు అనుకూలము. తిన్ననిది గురి త్వరగా కుదురుటకు మంచిది. లోపల నత్రజని నింపి మూసినదైనచో, వానకును చలికిని కటకములు లోపల చెమర్చవు. 80 మిల్లీమీటర్లది సామాన్యముగా కిలోన్నర పైబడి తూగును. నడక ఎక్కువైనచో 60, 65 మిల్లీమీటర్లది చాలును.

కడపట చెప్పినను మొదట తలచుకొనవలసినది ముక్కాలి స్టాండు. సొమ్మంతయు కటకములపై వెచ్చించి సన్నని స్టాండు కొనువారు గాలివీచినంతనే చింతింతురు. 40 రెట్లు పెద్దదిగా చూపు పరికరము వణకును గూడ 40 రెట్లు చేయును. పక్షిని వెదకుటకు ఎనిమిది రెట్ల జంటదుర్భిణి, గుర్తుపట్టుటకు స్కోపు, దానిని నిలుపుటకు బరువైన స్టాండు: ఈ మూడును కలిసిననే చూపు కుదురును.

ఇట్లు ఎంచుకొని, ఎడముగా కూర్చుండి చూచుచున్నపుడు గూడబాతు మనవైపు తలయైనను త్రిప్పక పిల్లకు మేత పెట్టుచున్నచో, మన సొమ్ము వ్యర్థము కాలేదని తెలిసికొనవచ్చును.