పార్సెలు జాడ తెలిసికొనుట ఎట్లు?

వరంగల్లు కొత్తవాడ ప్రాంతమున నేయబడు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి సరుకును నేడు దూరప్రాంతములవారు పార్సెలు ద్వారా తెప్పించుకొనుచున్నారు. ఇల్లు దాటిన సరుకు ఎచ్చట నున్నదో తెలియనిచో అమ్మినవారి సొమ్ము చిక్కుబడును. కొన్నవారి నమ్మకము సడలును. నేతపనివారికిని, మహిళా సంఘములకును తోడ్పడవలసిన పంచాయతీ సభ్యులు ఈ విషయమును గ్రహించి యుండుట మేలు.

తపాలాశాఖ స్పీడ్ పోస్టును 1986 ఆగస్టు 1న ప్రారంభించినది. దీనిలో పంపినపు డిచ్చు రశీదుపై 13 గుర్తులుగల సంఖ్య యుండును: మొదట రెండు ఆంగ్లాక్షరములు, పిదప తొమ్మిది అంకెలు, తుదకు మన దేశమును తెలుపు ‘ఐఎన్’ అను రెండక్షరములు.

తొమ్మిదవ అంకె పరీక్షాంకము. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 చేత హెచ్చవేసి, లబ్ధములను కూడి, మొత్తమును 11 చేత భాగించి, శేషమును 11 నుండి తీసివేయగా వచ్చునదే అది. 10 వచ్చినచో 0, 11 వచ్చినచో 5 గ్రహింతురు. ఉదాహరణకు 12345678 అను అంకెలకు మొత్తము 204; శేషము 6; పరీక్షాంకము 5. సంఖ్యను వ్రాసికొనుటలో అంకె తప్పినచో చాలవరకు ఈ లెక్కచేతనే బయటపడును.

పార్సెలును స్వీకరించినపుడు, సంచిలో నుంచి పంపినపుడు, వేరొక కార్యాలయమున దింపినపుడు, బట్వాడా చేసినపుడు దానిపై గల చారల గుర్తును యంత్రముతో చదివి, కాలమును స్థలమును నమోదు చేయుదురు. జాడ యనగా ఈ నమోదుల పట్టికయే. దారిలో దానిని ఎవరును కనిపెట్టి చూచుచుండరు. కాజీపేటలో సంచి రైలెక్కిన దనుకొందము. అది తదుపరి మజిలీలో దిగి నమోదగు వరకు పట్టికలో క్రొత్త పంక్తి చేరదు. కావున ఒక దినము మార్పు కానరానంత మాత్రమున పార్సెలు పోయినదని కలవరపడరాదు.

ఒక్క పార్సెలైనచో తపాలాశాఖ వెబ్‌సైటులో సంఖ్య నిచ్చి చూడవచ్చును. ఒక సంఘము నలువది పార్సెళ్లను కొన్ని తపాలాలో, కొన్ని ఆర్టీసీ కార్గోలో, కొన్ని కొరియర్లలో పంపినచో విడివిడిగా విచారించుట శ్రమ. ఇందులకై కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయువారు ‘లైబ్రరీ’ని వాడుదురు. ఇది గ్రంథాలయము కాదు. ఇతరులు ముందే వ్రాసి పరీక్షించి యుంచిన ప్రోగ్రాము భాగముల కూర్పు. నేతగాడు నాడెను, పన్నెను సిద్ధముగా తెచ్చి మగ్గమున కమర్చుకొనునట్లే, వారు దీనిని తమ పనికి అమర్చుకొందురు.

దీని పనులు మూడు: సంఖ్య సరియైనదా యని చూచుట, రవాణా సంస్థ కంప్యూటరు నడుగుట, వచ్చిన జవాబులను ఒకే రీతిగా కూర్చి చూపుట. ఒక సంస్థ ‘పంపిణీకి బయలుదేరినది’ అనగా వేరొకటి ‘బట్వాడాలో నున్నది’ యనవచ్చును. లైబ్రరీ రెంటిని ఒకే మాట క్రిందికి తెచ్చును. అయితే సంస్థ నమోదు చేయని దానిని ఏ ప్రోగ్రామును చెప్పజాలదు.

కావున ప్రజలకు మనము చెప్పవలసిన వివి. సరుకు చేరి సొమ్ము ముట్టు వరకు రశీదును భద్రపరుపవలెను. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టబడిన ఆరంకెల పిన్‌కోడును తప్పక వ్రాయవలెను; వరంగల్లు ప్రాంతమునకు అది 506తో మొదలగును. ‘బట్వాడా అయినది’ అని పట్టిక చూపినను సరుకు అందనిచో, రశీదుతో వెంటనే ఫిర్యాదు చేయవలెను. పేర్లు, చిరునామాలు, పార్సెలు సంఖ్యలు పంచాయతీ నోటీసు బోర్డుపై అంటింపరాదు. ‘మీ పార్సెలు ఆగినది, రుసుము చెల్లింపుడు’ అని ఫోనుకు వచ్చు లింకులను నమ్మరాదు. మోసపోయినచో తడవు చేయక 1930కి ఫోను చేయవలెను.

గ్రామమున చదువుకొన్న యువకులు ఒకరిద్దరు ఈ పనిని నేర్చికొన్నచో ఊరి సరుకు కంతటికిని లెక్క దొరకును. అట్టివారిని గుర్తించి ప్రోత్సహించుట పంచాయతీలు చేయదగిన సేవ.