ఇంటిపై మఱియొక గది

హైదరాబాదు నగరమందలి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధులతో మన పాఠకులకు గల సంబంధము స్వల్పమైనది కాదు. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువవచ్చిన రైతుబిడ్డలు వేలకొలది ఈ సందులలోనే నివసించుచున్నారు. వారిలో పెక్కుమంది తలదాచుకొను గది, పాత మేడపై ఎవరో ఇంటివారు తరువాతి కాలమున వేసినదే. మన సభ్యులలో కొందఱు పంటసొమ్ము కూడబెట్టి అచ్చట నూఱు గజముల పాత ఇల్లు కొనినవారును గలరు. మిద్దెపై ఒక గది వేసిన పిల్లవానికి నీడయు, చదువు ముగిసిన పిదప నెలనెలకు అద్దెయు లభించునని వారి తలంపు. తలంపు మంచిదే. అయితే పల్లెలో పశువుల కొట్టము ప్రక్కన గది లేపినట్లు నగరమున లేపుటకు వీలు లేదు.

చట్టము మాట ముందుగా చెప్పుదము. నగరమున క్రొత్త ఇల్లు కట్టుటకే గాక, ఉన్న ఇంటికి హంగు చేర్చుటకును, మార్పు చేయుటకును ముందుగా కమీషనరునకు తెలుపవలెనని 1955 నాటి నగరపాలక చట్టము విధించుచున్నది. ఇటుకతో గట్టినది మాత్రమే కట్టడమనియు, రేకులతో వేసినది షెడ్డు గనుక అనుమతి అక్కఱలేదనియు మేస్త్రీలు చెప్పుచుందురు. అది నమ్మదగినది కాదు. ఆ చట్టము కట్టడమునకు చెప్పిన అర్థములో షెడ్డును, గుడిసెయు, కఱ్ఱతోను, మట్టితోను, లోహముతోను కట్టినవియు చేరియున్నవి. సున్నము వేయించుట, చెడిన తలుపు మార్చుట, కారుచున్న కప్పుకు పూత పూయించుట మొదలగు మరమ్మతులకు మాత్రము ఈ బాధ లేదు.

2020వ సంవత్సరపు తెలంగాణ చట్టము ఈ అనుమతుల పద్ధతిని చాల సులభము చేసినది. 75 గజముల లోపు స్థలమున నేల అంతస్తును, దానిపై ఒక అంతస్తును గల ఇంటికి అనుమతి అక్కఱలేదు; ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేయించిన చాలును. స్థలము 500 చదరపు మీటర్ల లోపు, అనగా దాదాపు 600 గజముల లోపుండి, ఎత్తు 10 మీటర్లకు మించనిచో యజమాని స్వయముగా వ్రాసి యిచ్చిన ధ్రువీకరణముపై అప్పటికప్పుడే అనుమతి వచ్చును. అంతకు మించిన వానికి 21 దినముల గడువు. 2025లో బిల్డ్‌నౌ అను పద్ధతి ప్రవేశపెట్టబడినది. ప్లాను నియమములతో సరిపడినదా లేదా యని అందు కంప్యూటరే చూచును.

ఇంత సులభమైనపుడు చిక్కేమున్నదని అడుగవచ్చును. చిక్కంతయు పాత ఇంటిలోనే యున్నది. క్రొత్త గదికి అనుమతి అడుగునపుడు క్రింది ఇంటికి లభించిన అనుమతి పత్రమును, దానితోడి ప్లానును చూపవలెను. ఈ ప్రాంతపు ఇండ్లు పలుమాఱులు చేతులు మారినవి, అన్నదమ్ములు పంచుకొనినవి, వరండా గదియైనది, పెరడు వంటయిల్లైనది. ప్లానులో ఉన్నదొకటి, నేలమీద ఉన్నదింకొకటి. అట్టి ఇంటిపై గది కోరుట యనిన, క్రింద జరిగిన అతిక్రమణము లన్నిటిని మనమే దీపము పెట్టి చూపుట యగును. కావున ఇల్లు కొనబోవువారు దస్తావేజుతోపాటు ప్లాను ప్రతిని గూడ అడుగవలెను. అమ్మువారి యొద్ద అది లేకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కార్యాలయమునుండి నకలు కోరవచ్చును. ఇల్లు ఉమ్మడిదైనచో హక్కుదారులందఱి సంతకములును కావలెను. అపార్టుమెంటు మిద్దె అందఱి సొత్తు. పై అంతస్తువాడు తన నెత్తిమీదిది గనుక తనదే యనుట చెల్లదు.

రెండవ చిక్కు ఎత్తు. 2012 నాటి కట్టడముల నియమావళి ప్రకారము 50 మొదలు 100 చదరపు మీటర్ల వఱకు గల స్థలమున, ఇంటి ఎత్తు 7 మీటర్లు దాటనిచో, ప్రక్కలను వెనుకను ఖాళీ విడువ నక్కఱలేదు. 7 దాటి 10 మీటర్ల వఱకు పోయినచో అర మీటరు విడువవలెను. నూఱు గజముల స్థలమనిన ఇంచుమించు 84 చదరపు మీటర్లు. రెండంతస్తుల ఇల్లు 7 మీటర్లలో ఇముడును. గోడలు పొరుగువాని గోడకు ఆనియున్నను అది సక్రమమే. దానిపై మూడవ అంతస్తుగా గది వేసినచో ఎత్తు 7 మీటర్లు దాటును. అప్పుడు క్రిందినుండియు లేని అర మీటరు ఎక్కడనుండి తేగలము? నిన్నటి వఱకు సక్రమమైన గోడయే నేడు అడ్డమగుచున్నది. చాలమంది దరఖాస్తులు ఈ అర మీటరు దగ్గఱనే ఆగిపోవును. దీనికి తోడు ఇంటి ముందటి సందు ఇఱుకైనదైన, వీధి విశాలము చేయుటకు కొంత స్థలము వదలవలసివచ్చును. ఈ కొలతలు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక దరఖాస్తు నాటి పట్టికనే చూచుకొనవలెను.

ఇఱుకు ఇండ్ల నడుమ ఖాళీ విడువుమనుట అధికారుల వేధింపని కొందఱందురు. మా అభిప్రాయము వేఱు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి, ఇఱుకు పేటలలోనికి గాలియు వెలుతురును రప్పించుటను ముఖ్యకార్యముగా పెట్టుకొన్నది. ఆ అవసరము నేటికిని తీఱలేదు.

మూడవది బరువు. దీనిని దరఖాస్తు కాగితము చెప్పదు, ఇల్లే చెప్పును. పది అడుగుల వెడల్పు, పండ్రెండు అడుగుల పొడవుగల గదికి అయిదంగుళముల శ్లాబు ఒక్కటియే సుమారు 35 క్వింటాళ్ళు తూగును. తొమ్మిదంగుళముల ఇటుకగోడలు, తలుపులు కిటికీలు పోగా, మఱియొక 150 క్వింటాళ్ళు. ధాన్యపు బస్తాలతో నిండిన లారీని మిద్దెమీద నిలిపినట్లే. పిల్లరులు లేక గోడల పైననే ఆధారపడిన పాత ఇండ్లును, ఇనుప దూలముల నడుమ ఇటుకవంపు కప్పులు గల ఇండ్లును ఈ బరువు తాళునని మేస్త్రి కంటిచూపుతో చెప్పజాలడు. పునాది త్రవ్వి చూచి, లెక్క కట్టి, సంతకము చేయు ఇంజినీరు కావలెను. ఆయన ఫీజు దండుగ యని తలచువారు శ్లాబు ఖర్చుతో దానిని పోల్చి చూచుకొందురు గాక.

ఇక స్వయం ధ్రువీకరణమును గూర్చి. సంఘములో అప్పు తీసికొనునపుడు పూచీ సంతకము చేసినవానికి దాని బరువు తెలియును; ఇదియు అట్టిదే. కాగితము క్షణములో వచ్చును, బాధ్యతయు ఆ క్షణముననే యజమాని మెడకు చుట్టుకొనును. 21 దినములలో అధికారులు చూచి, వ్రాసినది తప్పని తేలిన అనుమతిని రద్దు చేయవచ్చును. అక్రమ కట్టడమును నోటీసు లేకయే కూల్చుటకు 2020 నాటి చట్టము అధికారమిచ్చినది. ప్లాను గీచిన ఇంజినీరు మొదట మన చుట్టమువలె మాటలాడును; ఆపద వచ్చిన నాడు ఇంటి యజమాని ఒక్కడే వాకిట నిలువవలసివచ్చును.

కట్టి వేసిన పిదప జరిమానా చెల్లించి క్రమబద్ధము చేయించుకొనవచ్చునను ఆశ గూడ ప్రజలలో గలదు. 2007లో ఒక పథకము, 2015లో మఱియొక పథకము వచ్చిన మాట నిజమే. అందు రెండవది న్యాయస్థానమున చిక్కుకొని ఏండ్ల తరబడి నిలిచిపోయినది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ ఆశను మఱింత సన్నగిలజేసినది: పూర్తి ధ్రువపత్రము చూచిన తరువాతనే విద్యుత్తు, నీటి కనెక్షను లీయవలెననియు, బ్యాంకులు సయితము దానిని చూచియే ఋణమీయవలెననియు ఆదేశించినది. ఇంటిపన్ను రసీదు చూపి ఇల్లు సక్రమమనువారు గలరు. పన్ను పుచ్చుకొనుట అనుమతి ఇచ్చుట కాదు.

అశోక్‌నగర్ వైపు హుస్సేన్‌సాగరపు మిగులు నీటి నాలా పాఱుచున్నది. 10 మీటర్లకు మించిన వెడల్పుగల నాలా అంచునుండి 9 మీటర్లు, అంతకు తక్కువదైన 2 మీటర్లు ఖాళీ విడువవలెనని నియమము. 2020 అక్టోబరు వానలకు నగరపు నాలాల వెంబడి ఇండ్లలోనికి నీరు జొచ్చిన సంగతి మఱచిపోరానిది. అచ్చట ఎంత చౌకగా వచ్చినను, కొలత వేయించిన తరువాతనే బయానా ఈయవలెను.

గదిని ఏ పనికని అనుమతి పొందితిమో ఆ పనికే వాడవలెను. 2024 జూలై 27న ఢిల్లీలోని పాత రాజేంద్రనగరమున ఒక శిక్షణ కేంద్రపు భూగర్భ గదిలో వాననీరు నిండి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. ఆ గదికి వాహనములు నిలుపుటకును, సామాను దాచుటకును అనుమతి యుండెను. దానిని గ్రంథాలయముగా వాడుచుండిరి. మన పిల్లలకు గది చూడబోవు తండ్రులు అద్దెయు, నీటి వసతియు మాత్రమే విచారింతురు. మెట్లదారి ఎంత వెడల్పున్నదో, అది మూసికొనిపోయిన వేఱు దారి గలదో, మిద్దెమీది గది ప్లానులో గలదో లేదో గూడ అడుగవచ్చును. కొందఱు యజమానులు కసరుకొందురు. కొందఱు లోనికి పోయి కాగితము తెచ్చి చూపింతురు.